ఫాస్టాగ్ వచ్చాక టోల్ ప్లాజా మేనేజర్‌కు ఇంకా పనేముంటుంది?

మీరు అడిగింది క్లుప్తంగా చెప్పుకుంటే ఇదీ. సూపర్‌మార్కెట్ చైన్‌లో పదేళ్లుగా ఏరియా మేనేజర్‌గా చేస్తున్నారు. జాతీయ రహదారి మీద ఒక పెద్ద టోల్ ప్లాజాకు మేనేజర్‌గా రమ్మని ఆఫర్ వచ్చింది. "డబ్బంతా ఫాస్టాగ్‌లోనే కట్ అయిపోతుంటే అక్కడ మేనేజర్ చేసేదేముంది? రేపు గేట్లే ఉండవంటున్నారు, అప్పుడు నా పరిస్థితేంటి?" అన్నారు. నాయకుల గొడవలు ఎలా ఉంటాయి, జీతం ఎంత అడగొచ్చు అని కూడా అడిగారు.

నేను మొదట హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద, తర్వాత చెన్నై–కోల్‌కతా హైవే మీద ప్లాజాలు నడిపాను. ఇప్పుడు కొన్ని ప్లాజాల మేనేజర్లు నా కింద పనిచేస్తున్నారు. నాకు తెలిసినంతలో చెబుతాను.

సూటిగా చెప్పాలంటే, వెళ్లండి. కానీ డబ్బు వసూలు చేసే ఉద్యోగం అనుకుని వెళ్లకండి. డబ్బు కట్టకుండా దాటిపోయిన ప్రతి బండికీ కారణం చూపించడమే మేనేజర్ పని. ట్యాగ్ ఉండి, అందులో డబ్బులున్న కారు మీరున్నా లేకపోయినా వెళ్లిపోతుంది. మిగిలిన బండ్ల కోసమే మీకు జీతం ఇస్తారు. ఆ పని చేస్తూ లేన్‌లో లైన్ పెరగకుండా చూసుకోవాలి. ఒక్కో బండిని ఆపి గట్టిగా పరీక్షిస్తే లైన్ పెరుగుతుంది, లైన్ తగ్గించాలని చూస్తే బండ్లు జారిపోతాయి. ఉద్యోగమంతా ఈ రెండింటి మధ్యే నడుస్తుంది.

మీ రిటైల్ అనుభవం పనికొస్తుందా అంటే సగం పనికొస్తుంది. సూపర్‌మార్కెట్‌లో కౌంటర్ కుర్రాడు బిల్లు కొట్టకుండా సరుకు ఇచ్చేస్తే నెలాఖరు స్టాక్ లెక్కలో తేడా బయటపడుతుంది. ఇక్కడ స్టాక్ అంటూ ఏదీ లేదు. బండి వెళ్లిపోయిందంటే వెళ్లిపోయినట్టే. అది వెళ్లిందనడానికి సాక్ష్యం రెండే: లేన్‌లో బండిని చూసి దాని రకం గుర్తుపట్టే ఏవీసీ అనే యంత్రం, పైన కెమెరా. అందుకే ప్లాజాలో అడుగుపెట్టిన మొదటి రోజే ఏవీసీ సరిగ్గా లెక్కిస్తోందా లేదా చూసుకోమని మా మేనేజర్లకు చెబుతాను. ఏసీ గది, కుర్చీ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఒక లేన్ పక్కన గంటసేపు నిలబడి చేత్తో లెక్కపెట్టండి. బైకులు ఎన్ని, కార్లు ఎన్ని, రెండు యాక్సిళ్ల లారీలు ఎన్ని, అంతకంటే పెద్దవి ఎన్ని అని రాసుకోండి. తర్వాత అదే గంటకు యంత్రం ఏం చెప్పిందో తీయించండి. తేడా వచ్చిందంటే ఆ ప్లాజాలో ఏ రిపోర్టూ నమ్మడానికి లేదు.

పొద్దున ఆఫీసుకు రాగానే మూడు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటారు. ఏవీసీ లెక్కలో ఎన్ని బండ్లు దాటాయి, సిస్టమ్‌లో ఎన్ని లావాదేవీలు నమోదయ్యాయి, అక్వైరర్ బ్యాంకు (ప్లాజా తరఫున ఫాస్టాగ్ డబ్బు రాబట్టే బ్యాంకు) నుంచి ఎంత సెటిల్ అయింది. ఈ మూడూ ఎప్పుడూ కలవవు. ఎందుకు కలవలేదో చెప్పగలగాలి. తేడా వచ్చే దారులు చాలానే ఉన్నాయి, ముఖ్యమైనవి చెబుతాను.

మొదటిది మినహాయింపు బండ్లు. 2008 నాటి జాతీయ రహదారుల ఫీజు నియమాల్లో ఎవరెవరికి ఉచితమో జాబితా ఉంది. రాష్ట్రపతి నుంచి మొదలుపెట్టి గవర్నర్లు, ముఖ్యమంత్రులు, న్యాయమూర్తులు, ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఆపైన యూనిఫాంలో ఉన్న పోలీసులు, అంబులెన్స్, ఫైరింజన్, పార్థివ దేహాన్ని తీసుకెళ్లే వాహనం. ఆ జాబితా ప్రింట్ తీసి ప్రతి బూత్‌లో అతికించండి. అది కాకుండా 'మనవాళ్లు' అనే ఇంకో జాబితా ప్రతి ప్లాజాలోనూ నోటిమాటగా నడుస్తుంటుంది. ఎక్కడా రాసి ఉండదు, అందరికీ తెలుసు. మీరు చేరిన నెలలోపు అది ఎంత పొడవుందో కనిపెట్టాలి. మినహాయింపు కింద పోయిన బండ్ల ఫొటోలు రోజూ అన్నీ చూడలేకపోయినా, రాత్రి షిఫ్ట్‌వి మాత్రం తప్పకుండా చూడండి. అర్ధరాత్రి రెండింటికి ఇసుక లారీ 'పోలీస్' మినహాయింపులో దాటిందంటే, ఆ బూత్‌లో ఎవరున్నారో చూస్తే చాలు.

రెండోది క్లాస్ తేడా. ఇది దగ్గరగా చూస్తే తప్ప అర్థం కాదు. బొలేరో పికప్ ఒకటి వస్తుంది, వెనక టమాటా ట్రేలు. అద్దం మీద ట్యాగ్ ఉంటుంది, రీడర్ చదువుతుంది, బూమ్ (లేన్‌కు అడ్డంగా ఉండే కర్ర) లేస్తుంది. అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది. ఆడిట్ గదిలో కూర్చున్న అమ్మాయి స్క్రీన్ మీద చూస్తే ట్యాగ్ 'వీసీ-4' అంటోంది, అంటే కారు. ఏవీసీ మాత్రం ఎల్‌సీవీ, అంటే చిన్న సరుకు బండి అంటోంది. కారు రేటు, ఎల్‌సీవీ రేటు ఒకటి కాదు. 2007–08లో ఖరారు చేసిన మూల రేట్లలోనే నాలుగు లేన్ల రోడ్డుకు కారుకు కిలోమీటరుకు 65 పైసలైతే, ఎల్‌సీవీకి 1.05 రూపాయలు. కొన్నిసార్లు ట్యాగ్ ఇచ్చిన ఏజెంటే పొరపాటున తప్పు క్లాస్ కొట్టి ఉంటాడు, ఓనర్‌కు ఆ సంగతే తెలియదు. కొన్నిసార్లు పాత కారు ట్యాగ్ పీకి పికప్‌కు అతికిస్తారు. ఒక్క బండికి పోయేది చిన్న మొత్తమే. అదే బండి రోజూ మార్కెట్‌కు వెళ్లొస్తుంటే? అలాంటివి యాభై ఉంటే? ఫొటోతో సహా బ్యాంకుకు పంపించి సరిచేయించాలి. వెంటపడకపోతే జరగదు. దీని మీద ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టండి.

మూడోది వెనకే దూరే బండ్లు. ముందు లారీకి లేచిన బూమ్ కిందికి దిగేలోపు వెనకున్న కారు అంటుకుని వచ్చేస్తుంది. రోడ్డు కింద ఉన్న లూప్ (బండి వచ్చిందని పసిగట్టే తీగ) సరిగ్గా పనిచేయకపోతే సిస్టమ్ రెండింటినీ ఒకే బండిగా లెక్కేస్తుంది.

నాలుగోదే అసలైన ప్రమాదం, నగదు. అందరూ ఫాస్టాగ్‌లోకి మారిపోయారు కదా, నగదు ఎక్కడుంది అనుకుంటారు. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి అన్ని లేన్లూ ఫాస్టాగ్ లేన్లే అయ్యాయి. ట్యాగ్ లేనివాళ్లు రెట్టింపు కట్టాలన్నారు. 2025 నవంబర్ 15 నుంచి చిన్న మార్పు వచ్చింది: నగదైతే రెట్టింపు, యూపీఐలో కడితే ఒకటింబావు వంతు. వంద రూపాయల టోల్ ఉన్నచోట నగదుకు 200, యూపీఐకి 125 అని అప్పుడు పెట్టారు. ఆ రెట్టింపు నగదు మీదే కొందరి కన్ను. 2025 జనవరిలో ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ దగ్గర అత్రైలా శివ్ గులామ్ ప్లాజా మీద అక్కడి ఎస్‌టీఎఫ్ (ప్రత్యేక పోలీసు దళం) దాడి చేసినప్పుడు బయటపడింది ఇదే. ట్యాగ్ లేని బండ్ల దగ్గర డబ్బు తీసుకుని, వేరే సాఫ్ట్‌వేర్‌లో రసీదు కొట్టి, అసలు సిస్టమ్‌లో ఆ బండిని ఉచితంగా వెళ్లినట్టు చూపించారన్నది ఆరోపణ. ఆ తర్వాత జాతీయ రహదారుల సంస్థ ఎన్‌హెచ్ఏఐ 14 వసూలు ఏజెన్సీలను రెండేళ్ల పాటు డిబార్ చేసింది.

దీన్ని చదివి భయపడమని చెప్పడం లేదు. మినహాయింపు బండ్ల సంఖ్య ఎందుకు రోజూ చూడాలో మీకు అర్థమవ్వాలని చెప్పాను. ఒక షిఫ్ట్‌లో ఉచిత బండ్లు పెరిగి, అదే షిఫ్ట్‌లో రెట్టింపు రసీదులు తగ్గాయంటే లేచి వెళ్లి చూడాల్సిందే. ప్లాజా కంప్యూటర్లలోకి బయటి పెన్‌డ్రైవ్ గానీ, సర్వర్ గదిలోకి పేరు రాయని మనిషి గానీ పోకూడదు. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు, పైనుంచి వచ్చిన ఇంజినీరైనా సరే రిజిస్టర్‌లో సంతకం పెట్టించండి.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. తీసుకోకూడని డబ్బు తీసుకున్నా మీరే జవాబుదారు. బండి ఇంట్లో పార్క్ చేసి ఉండగానే టోల్ కట్ అయిందని మెసేజ్ వచ్చిందంటూ ఫిర్యాదులు వస్తాయి. చాలావాటిలో బూత్‌లో ఎవరో నంబర్ చేత్తో కొట్టేటప్పుడు ఒక అంకె తప్పు కొట్టి ఉంటారు. ఇలాంటి తప్పుడు కోతలకు ఒక్కోదానికి లక్ష రూపాయల దాకా జరిమానా వేయడం మొదలుపెట్టారు. మా దగ్గరైతే చేత్తో నంబర్ కొట్టే అధికారం బూత్‌లో వాళ్లకు తీసేసి, షిఫ్ట్ ఇన్‌చార్జ్‌కు మాత్రమే ఉంచాం. మొదట్లో గొణిగారు, తర్వాత అలవాటైపోయింది.

ఇక లైన్ సంగతి. సంక్రాంతి చూడనివాడు ప్లాజా మేనేజర్ కాదని మా వాళ్లు అంటుంటారు, అది నిజమే. హైదరాబాద్ నుంచి బయల్దేరితే పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, ఈ మూడూ భోగికి ముందు రెండు మూడు రోజులు ఊపిరి తీసుకోవు. కనుమ తర్వాత అదే రద్దీ ఎదురు దిశలో వస్తుంది. పంతంగిలో 16 లేన్లుంటే పది విజయవాడ వైపే వదిలారని పేపర్లో చదివే ఉంటారు. లేన్ దిశ మార్చడం అంటే పైన సిగ్నల్ మార్చడం ఒక్కటే కాదు. రీడర్, కెమెరా, ఏవీసీ కూడా ఎదురు దిశకు సిద్ధంగా ఉండాలి. ముందురోజు రాత్రే ప్రతి లేన్‌లో మన బండి నడిపించి చూసుకోవాలి. పండగ రోజు పొద్దున కనిపెడితే ఉపయోగం లేదు.

చిన్న లెక్క చెబుతాను. బండికి పది సెకన్లు పడితే ఒక లేన్‌లో గంటకు 360 బండ్లు పోతాయి. పది లేన్లలో 3,600. ఇప్పుడు బ్యాలెన్స్ లేని ఒక్క కారు బూత్ దగ్గర ఆగి, 'ఇప్పుడే రీఛార్జ్ చేశాను, చూడండి' అంటూ మూడు నిమిషాలు వాదిస్తే 18 బండ్లు ఆగిపోతాయి. వెనక హారన్లు మొదలవుతాయి. పక్క లేన్‌లోకి దూరడానికి ఇద్దరు ప్రయత్నిస్తారు, అప్పుడు ఆ లేన్ కూడా ఆగిపోతుంది. అంటే పండగ రద్దీని ఆపేది బండ్ల సంఖ్య కన్నా ఎక్కువగా ఇలాంటి వాదనలే. అందుకే వాదన బూత్ దగ్గర జరగకూడదు. ప్లాజాకు వంద, నూటయాభై మీటర్ల ముందే చేతిలో రీడర్‌తో నలుగురు కుర్రాళ్లను నిలబెట్టండి. ట్యాగ్ చదవడం లేదని ముందే తెలిస్తే, ఆ బండిని ఎడమ చివరి లేన్‌కు పంపేయొచ్చు. అక్కడ తెలుగు, హిందీ రెండూ వచ్చిన, కోపం రాని మనిషిని పెట్టండి. అలాంటి వాడు దొరికితే వదులుకోకండి, రెండు వేలు ఎక్కువిచ్చినా సరే.

లైన్ వంద మీటర్లు దాటితే టోల్ కట్టక్కర్లేదని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్ చూపించి గొడవపడేవాళ్లు రోజూ వస్తారు. దానికి మూలం లేకపోలేదు. 2021 మేలో ఎన్‌హెచ్ఏఐ ఇచ్చిన మార్గదర్శకాల్లో బండికి పది సెకన్లకు మించి పట్టకూడదని, వంద మీటర్ల దగ్గర పసుపు గీత గీయాలని, లైన్ అది దాటితే బండ్లను వదిలేయాలని ఉంది. 2024లో ఆ ఉచితం మాటను వెనక్కి తీసుకున్నారు. ఈ రెండు కాగితాలూ ప్రింట్ తీసి షిఫ్ట్ ఇన్‌చార్జ్ దగ్గర ఉంచండి. నోటితో చెప్తే ఎవరూ నమ్మరు, కాగితం చూపిస్తే సగం మంది ఊరుకుంటారు.

కానీ ఇంకో నియమం ఇప్పటికీ ఉంది, అది మన మీదే పడుతుంది. ట్యాగ్ సరిగ్గా ఉండి, డబ్బులుండి, మన యంత్రమే చదవలేకపోతే ఆ బండిని సున్నా రసీదు ఇచ్చి పంపాలి. 2018లో వచ్చిన నోటిఫికేషన్ అది. కాబట్టి రీడర్ పాడైతే నష్టం నేరుగా ప్లాజాదే. స్పేర్ రీడర్లు, స్పేర్ బూమ్ కర్రలు, జనరేటర్‌లో డీజిల్, ఇవి పండగకు వారం ముందు చూసుకోవాల్సినవి. బూమ్ కర్రలు ఎన్ని విరుగుతాయో మీరు ఊహించలేరు.

పండగ వేళ పోలీసులు వచ్చి 'గేట్లు ఎత్తేయండి' అనడం కూడా మామూలే. ట్రాఫిక్ మైళ్ల పొడవున ఆగితే వాళ్ల బాధ వాళ్లది. ఎదిరించకండి. కానీ ఏ అధికారి చెప్పారు, ఏ టైం నుంచి ఏ టైం వరకు, ఏయే లేన్లు అన్నది అప్పుడే రాసి, ఎన్‌హెచ్ఏఐ ప్రాజెక్ట్ డైరెక్టర్ ఆఫీసుకు మెయిల్ పెట్టండి. రెండు నెలల తర్వాత ఆడిట్‌లో ఎవరైనా ఆ గంటన్నర డబ్బు ఏదని అడిగితే మీ దగ్గర ఆ మెయిలే ఉంటుంది.

నాయకుల సంగతి అడిగారు. అసలు నాయకులతో వచ్చే తలనొప్పి తక్కువ. ఎమ్మెల్యే కారులో కూర్చుని కార్డు చూపిస్తే పంపేయడమే. చిక్కు వాళ్ల అనుచరులతో, స్టిక్కర్లతో. 'ప్రెస్', 'సర్పంచ్', ఏదో సంఘం రాష్ట్ర కార్యదర్శి, ఇవేవీ ఉచిత జాబితాలో లేవు. మన రెండు రాష్ట్రాల వాళ్లకే వచ్చే చిక్కు ఇంకోటి ఉంది. నియమంలో ఎమ్మెల్యేలకు ఉచితం వాళ్ల సొంత రాష్ట్రంలోనే. పంతంగి, కొర్లపహాడ్ తెలంగాణలో ఉంటే చిల్లకల్లు ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. అంటే ఒకే ప్రయాణంలో ఒకే ఎమ్మెల్యే గారికి ఒకచోట ఉచితం, ఇంకోచోట కాదు. పుస్తకంలో ఉన్నది అదే. బూత్‌లో ఉన్న ఇరవై రెండేళ్ల కుర్రాడికి ఇది చెప్పే ధైర్యం ఉండదు, ఉండాలని మనం అనుకోవడం కూడా న్యాయం కాదు. 'సార్, మా మేనేజర్ గారు మాట్లాడతారు' అనే ఒక్క మాట నేర్పించి, ఆ ఫోన్ మీరే ఎత్తండి. అదే మీ పని.

చుట్టుపక్కల ఊళ్లవాళ్లతో సంబంధాలు వేరే సంగతి. ఇరవై కిలోమీటర్ల లోపు ఉండేవాళ్ల సొంత కార్లకు నెల పాస్ ఉంది. 2007–08లో 150 రూపాయలతో మొదలై ఏటా పెరుగుతూ వస్తోంది. ఇప్పుడు దాంతో పాటు వార్షిక పాస్ కూడా వచ్చింది. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలకు మొదలైంది, ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. సొంత కార్లకే వర్తిస్తుంది. హైదరాబాద్ ఓఆర్ఆర్ మీద చెల్లదు, ఎందుకంటే అది జాతీయ రహదారి కాదు. ఈ ఒక్క ముక్క తెలియక ఎన్ని గొడవలో! గ్రామ పెద్దలను మీరు చేరిన మొదటి వారంలోనే కలవండి. ధర్నా రోజు కలిస్తే పరిచయం అవ్వదు, బేరం అవుతుంది. ఉద్యోగాల్లో స్థానికులు ఎంతమంది ఉన్నారన్నది వాళ్లు అడిగే మొదటి ప్రశ్న. ఏజెన్సీలు ఎక్కువగా ఉత్తరాది నుంచి మనుషుల్ని తెస్తాయి. మన రోడ్డు మీద తెలుగు రాని మనిషి బూత్‌లో ఉంటే, మాట అర్థంకాక చెయ్యి లేచేదాకా వెళ్లిన సందర్భాలు నేనే చూశాను. నా వరకు ప్రతి షిఫ్ట్‌లో సగానికి తక్కువ కాకుండా తెలుగు వచ్చినవాళ్లు ఉండాల్సిందే.

బూత్‌లో పనిచేసేవాళ్ల గురించి రెండు మాటలు. షిఫ్ట్ మారేటప్పుడు సూపర్‌వైజర్ టేబుల్ దగ్గర నిలబడి చూడండి. ప్రతి కలెక్టర్ జేబులో ఉన్న సొంత డబ్బు తీసి లెక్కపెట్టి, రిజిస్టర్‌లో రాసి సంతకం పెడతాడు. ఫోన్ లాకర్‌లో పెడతాడు. చిల్లర సంచి తీసుకుని, లేన్ల మధ్య నడవకుండా సొరంగం మెట్లు దిగి తన బూత్‌లోకి ఎక్కుతాడు. ఎనిమిది గంటలు ఆ పెట్టెలో పొగ, దుమ్ము, తిట్లు. లారీ డ్రైవర్ కిందికి చూసి మాట్లాడితే, కారులో ఉన్నాయన పైకి చూసి తిడతాడు. జేబులో డబ్బు వెతకడం అవమానంగా కాకుండా, అందరికీ ఒకేలా, మీతో సహా, జరిగితే ఎవరూ బాధపడరు. మీరు లేన్ లోపలికి వెళ్లేటప్పుడు మీ జేబులో డబ్బు కూడా రాయండి. ఆడపిల్లలు బూత్‌లో ఉంటే టాయిలెట్‌కు వెళ్లడానికి రిలీవర్ ఉన్నారా, రాత్రి ఇంటికి బండి ఉందా, ఈ రెండూ మీరే చూసుకోవాలి. ఇంకెవరూ చూడరు.

రోడ్డు కూడా మీదేనా అన్నది కాంట్రాక్ట్‌ను బట్టి ఉంటుంది. స్థూలంగా రెండు రకాలు. ఒకటి, వసూలు ఏజెన్సీ. టెండర్‌లో పాడుకున్న మొత్తాన్ని ఎన్‌హెచ్ఏఐకి కట్టాలి, మీద మిగిలేది ఏజెన్సీది. ఈ కాంట్రాక్టులు మూడు నెలలకో ఏడాదికో ఉంటాయి, కాంట్రాక్ట్ పోతే మీ ఉద్యోగం కూడా కదులుతుంది. రెండోది, రోడ్డునే దీర్ఘకాలానికి తీసుకున్న కంపెనీ. 2018లో మొదటి టీఓటీ (ముందే డబ్బు కట్టి, కొన్నేళ్లు టోల్ వసూలు చేసుకుని, తర్వాత రోడ్డు తిరిగి అప్పగించే పద్ధతి) కట్టలో ఆంధ్రప్రదేశ్, గుజరాత్‌లలోని సుమారు 680 కిలోమీటర్లు 30 ఏళ్లకు 9,681 కోట్లకు పోయాయి. 158 కిలోమీటర్ల హైదరాబాద్ ఓఆర్ఆర్ 2023లో 30 ఏళ్లకు 7,380 కోట్లకు పోయింది. అలాంటి చోట అంబులెన్స్, క్రేన్, పెట్రోలింగ్ బండి, హైవే హెల్ప్‌లైన్ 1033కు వచ్చే కాల్స్ అన్నీ ప్లాజా చుట్టూనే తిరుగుతాయి. మీకు మున్నేరు వరద గుర్తుండే ఉంటుంది. 2023 జులైలో, మళ్లీ 2024 సెప్టెంబర్ ఒకటిన నందిగామ దగ్గర ఐతవరం వద్ద నీళ్లు రోడ్డు మీదికి వచ్చి హైదరాబాద్–విజయవాడ రాకపోకలు ఆగిపోయాయి. అలాంటప్పుడు టోల్ గురించి ఎవరూ ఆలోచించరు, ఆలోచించకూడదు కూడా. ముందు ప్లాజాలోనే బండ్లను ఆపి, ఏ దారిలో తిప్పుకోవాలో చెప్పి, పిల్లాపాపలతో ఉన్నవాళ్లకు నీళ్లు, టాయిలెట్ చూపించాలి. ఆ దారిలో వెలుతురు, నీళ్లు, మైకు, మనుషులు కలిసి ఉన్న చోటు ప్లాజాయే.

గేట్లు లేని టోల్ వస్తే మీ గతేంటన్న ప్రశ్నకు వస్తాను. వస్తోంది, అది ఖాయం. గుజరాత్‌లోని చోర్యాసి ప్లాజాకు 2025 ఆగస్టులో మొదటి ఒప్పందం జరిగింది. బూమ్ ఉండదు, రోడ్డుకు అడ్డంగా పైన కట్టిన గ్యాంట్రీ అనే ఇనుప చట్రం మీద రీడర్లు, కెమెరాలు ట్యాగ్‌నూ నంబర్ ప్లేట్‌నూ చదువుతాయి, బండి ఆగదు. అప్పుడు బూత్‌లో కూర్చునేవాళ్ల ఉద్యోగాలకు ప్రమాదమే, ఇందులో దాచడానికేం లేదు. కానీ ఆగకుండా వెళ్లే బండ్లలో మట్టి కొట్టుకున్న నంబర్ ప్లేటు, తప్పు క్లాస్ ట్యాగ్, అసలు ట్యాగే లేనిది, ఇవన్నీ ఇంకా పెరుగుతాయి. ఇప్పుడు బూమ్ ఆపుతోంది కాబట్టి సగం తేడాలు అక్కడికక్కడే తేలుతున్నాయి. రేపు అన్నీ స్క్రీన్ మీదే తేలాలి, నోటీసులు పంపాలి, అభ్యంతరాలు వినాలి. కాబట్టి ఈ రెండేళ్లలో ఆడిట్ గది పని మీ చేతులతో నేర్చుకోండి. లేన్ మాత్రమే తెలిసిన మేనేజర్‌కు ఇబ్బందే, డేటా చదవగలిగినవాడికి గిరాకీ ఉంటుంది.

జీతం విషయం కంపెనీకీ రోడ్డుకీ చాలా తేడా ఉంటుంది కాబట్టి అంకె చెప్పను. మీ ఇప్పటి జీతం మీద పెద్దగా పెరగకపోవచ్చు. కానీ ఇల్లు, బండి, భోజనం ప్లాజా ఇస్తుందా, కుటుంబం దగ్గర్లో ఏ ఊళ్లో ఉండొచ్చు, పిల్లల స్కూలు ఎంత దూరం, ఇవి చూసుకోండి. పండగలన్నీ ప్లాజాలోనే గడుస్తాయి, ఇంట్లో ముందే చెప్పి ఒప్పించుకోండి. వసూలు మీద బోనస్ అంటే కాస్త ఆలోచించండి. వసూలు పెరగడం తగ్గడం ట్రాఫిక్ చేతిలో ఉంటుంది, మీ చేతిలో ఉండదు. ఏటా ఏప్రిల్ 1న రేట్లు మారినప్పుడు అంకె తనంతట తనే పెరుగుతుంది, అది మీ గొప్పా కాదు. తేడాలు తగ్గించినందుకు బోనస్ ఇస్తామంటే ఒప్పుకోండి.

ఇంటర్వ్యూలో వాళ్లు మిమ్మల్ని అడగడం అయ్యాక మీరు ఇవి అడగండి. కాంట్రాక్ట్ ఎప్పటిదాకా ఉంది? ఏవీసీని చివరిసారి ఎప్పుడు పరీక్షించారు, ఆ రిపోర్ట్ చూపిస్తారా? మినహాయింపు బండ్లు రోజుకు ఎన్ని, గత ఏడాదితో పోలిస్తే ఎంత? ఆడిట్ గది మేనేజర్ కింద ఉంటుందా, హెడ్ ఆఫీసు కింద ఉంటుందా? నా అభిప్రాయంలో హెడ్ ఆఫీసు కిందే ఉండాలి, మిమ్మల్ని కూడా ఎవరో ఒకరు చూస్తుండాలి కదా. మీకంటే ముందున్న మేనేజర్ ఎందుకు వెళ్లిపోయారు? ఈ చివరి ప్రశ్నకు నీళ్లు నమిలారంటే, అదే రోజు సాయంత్రం ఆ ప్లాజా పక్క టీ కొట్టు దగ్గర ఓ అరగంట కూర్చోండి. లారీ డ్రైవర్లు ఆగే కొట్టు అయితే మరీ మంచిది. ఆఫీసులో చెప్పనిది అక్కడ చెబుతారు.

ఆఫర్ లెటర్ వచ్చాక వసూలు ఏజెన్సీయా, రోడ్డును దీర్ఘకాలానికి తీసుకున్న కంపెనీయా, ఏ హైవే అన్నది కింద రాయండి. మిగతాది దాన్ని బట్టి చెబుతాను.